పెంటలోని పెన్నిధి

పూర్వము పల్లెయందు పేడను వ్యర్థమని ఎవరును తలంపలేదు. కొట్టము నూడ్చిన పేడ, కసవు పెంటదిబ్బకు చేరెడివి. వేసవిలో బండ్లకెక్కి పొలమునకు పోయెడివి. నేలనుండి గ్రాసమునకు, గ్రాసమునుండి పశువునకు పోయిన సారము తిరిగి నేలకే చేరెడిది. నగరము ఈ వలయమును తెంచినది.

హైదరాబాదునందు మాధాపూర్ చెంత దుర్గం చెరువు కలదు. కుతుబ్‌షాహీల కాలమున గోలకొండ కోటకు త్రాగునీరొసంగిన చెరువది. 1998లో హైటెక్ సిటీయందు సైబర్ టవర్స్ వెలసిన పిదప చుట్టును మేడలు పెరిగినవి. మురుగు చెరువున చేరినది. గుర్రపుడెక్క నీటిని కప్పినది. 2020లో చెరువుపై తీగల వంతెన వెలసినది. వంతెన కన్నులపండువే, కాని చెరువునకు నిజమైన అందము నిర్మలమైన నీరు.

మురుగునందలి భాస్వరము, నత్రజని నీటి కలుపునకు ఎరువులగును. ఆ కలుపు కుళ్లునపుడు నీటిలోని ప్రాణవాయువు తరిగి చేపలు చచ్చును. ఆ భాస్వరమే పొలమున పైరునకు ప్రాణము. నత్రజనిని గాలినుండి తీయవచ్చును. భాస్వరము మాత్రము రాతిగనులనుండి రావలసినదే. ప్రపంచమందలి ఫాస్ఫేటు నిక్షేపములలో అధికభాగము మొరాకో అధీనమున నున్నది. రాజస్థానములోని ఝామర్‌కోట్ర గనులు చాలక, భారతదేశము విదేశములనుండి కొనుచున్నది. ఒకచేత పారబోయుచు, మరియొకచేత వెలపెట్టి కొనుట వివేకమగునా?

నగరమందలి పశుశాలల పేడను పొలములకు పంపరాదా యని అడుగవచ్చును. పచ్చిపేడలో నూటికి సుమారు 80 పాళ్లు నీరే. దూరము మోయుటకు సరుకు వెలకంటె బండికూలియే మించును. అందులకు శాస్త్రజ్ఞులు వేరొక మార్గము కనుగొనిరి. పేడనీటిలో మెగ్నీషియము కలిపి, తగిన క్షారగుణము కల్పించినచో, అది అమ్మోనియముతోను ఫాస్ఫేటుతోను కూడి స్ఫటికములై అడుగున పేరును. ఇదియే స్ట్రూవైటు. మోయుట సులభము, నేలలో మెల్లగా కరగి పైరున కందును. ఆవుగేదెల పేడలో కాల్షియము భాస్వరమును పట్టియుంచును గాన, ముందుగా ఆమ్లముతో విడదీయవలసి వచ్చును.

ఇంత వ్యయమేల యని కొందరందురు. పాడైన చెరువును బాగుచేయు వ్యయమును, దిగుమతికి చెల్లించు వెలను లెక్కింపనివారి మాట యది. పొలము దగ్గరనున్నచోట పేడను నేరుగా పొలమునకే చేర్చవలెను. దూరమైనచోట భాస్వరమును స్ఫటికముగా తీయవలెను.

1669లో హాంబర్గు నగరమున హెన్నిగ్ బ్రాండ్ అను రసవాది మూత్రమునుండి బంగారము తీయబోయి భాస్వరమును కనుగొనెను. రోతయని తలచినదానిలో విలువను వెదకినవాడే దానిని పొందెను. యంత్రములకు బుద్ధి నేర్పుచున్న నగరమునకు పేడనుండి సారమును రాబట్టుట అసాధ్యము కాదు. విద్యార్థులారా! పారవేయుటకు ముందు ఒక్కసారి ఆలోచించుట నేర్వుడు.