చక్కెర లేని క్రిమి

చక్కెర అనగానే మనకు కాఫీ జ్ఞాపకం వస్తుంది. పండుగ రోజులైతే బూరెలు, అరిసెలు జ్ఞాపకం వస్తాయి. కాని రసాయన శాస్త్రజ్ఞుని దృష్టిలో చక్కెర అంటే ఒక వస్తువు కాదు, ఒక పెద్ద కుటుంబం. పాలలో ఉండేది ఒకటి, ద్రాక్షపండులో ఉండేది మరొకటి. ఈ కుటుంబంలో కొందరు నాలుకకు తీపి అనిపించనైనా అనిపించరు. చక్కెరలకు ఆహారంగా ఖర్చుకావడం ఒక్కటే పని కాదు. అవి మాంసకృత్తులకు అతుక్కుని వాటి నడవడినే మార్చివేస్తాయి.

దీనికి ఉదాహరణ కోసం దూరం వెళ్ళనక్కరలేదు. మీది 'ఏ' గ్రూపు రక్తమా, 'బి' గ్రూపు రక్తమా అని ఆసుపత్రిలో అడుగుతారు కదా! ఆ తేడా అంతా ఎర్ర రక్తకణాల పైన ఉండే చక్కెర గొలుసుల కొసన ఉన్నది. 'ఏ' వారికి ఆ కొసన ఒక రకం చక్కెర, 'బి' వారికి మరొక రకం. 'ఓ' వారికి ఆ కొస పూస లేనే లేదు. ఇంత చిన్న తేడాకే పొంతన లేని రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

మరి సూక్ష్మక్రిముల మాటేమిటి? మాంసకృత్తుకు చక్కెర అతకడం అనేది జంతువులు, మొక్కలు, బూజులు, ఈస్టు మొదలైనవాటికే తెలిసిన విద్య అనీ, బాక్టీరియాకు అంత పనితనం లేదనీ శాస్త్రజ్ఞులు చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకం 1976లో సడలింది.

ఉప్పుమళ్ళలో నీరు బాగా చిక్కబడినప్పుడు గులాబి రంగు తేలుతుంది. ఆ రంగులో వాటా ఉన్న ఒక సూక్ష్మజీవి పేరు హాలోబాక్టీరియం. అది చూడటానికి చిన్న కడ్డీలా ఉంటుంది. మెషర్, స్ట్రోమింజర్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు దాని పైపొరలోని మాంసకృత్తుకు చక్కెరలు అతికి ఉన్నాయని 1976లో చూపించారు. అంతటితో ఊరుకోక, బాసిట్రాసిన్ అనే మందు వేసి ఆ అతుకుపనిని ఆపి చూశారు. కడ్డీలా ఉన్న జీవి కాస్తా గుండ్రని బంతి అయిపోయింది! అంటే దాని ఆకారాన్ని నిలబెడుతున్నది చక్కెర తగిలిన ఆ పైపొరే నన్నమాట.

ఆనాడు హాలోబాక్టీరియాన్ని బాక్టీరియాలలోనే లెక్కవేసేవారు; ఇప్పుడు దానిని ఆర్కియా అనే వేరే తెగలో చేర్చారు. అయితే అదే 1976లో స్లైటర్, థార్న్ అనేవారు వేడిలో పెరిగే క్లాస్ట్రిడియం జాతి బాక్టీరియాల పైపొరలో కూడా చక్కెర తగిలిన మాంసకృత్తులను కనుగొన్నారు. కనుక బాక్టీరియాకు ఈ విద్య తెలియదనడానికి ఇక వీలు లేకపోయింది.

ఉప్పుమడిలోని జీవి బంతి అయితే మనకేమి, కడ్డీ అయితే మనకేమి అనవచ్చు. ఇప్పుడు మన కడుపులోకే వద్దాం.

కాంపైలోబాక్టర్ అనే క్రిమి ఒకటి ఉన్నది. సరిగా ఉడకని కోడిమాంసం ద్వారా, కాచని పాల ద్వారా మన పేగులలో చేరి విరేచనాలు, కడుపునొప్పి, జ్వరం తెప్పిస్తుంది. ఒళ్ళు మెలితిరిగి, కొసలలో కొరడా వంటి తోకలు ఉంటాయి. ఆ తోకలను గిరగిర తిప్పుకుంటూ పేగులోని జిగురులో ఈదుతుంది. తోక అంతా ఒకే రకం మాంసకృత్తు తునకలు వేలకొలది పేర్చినట్టు తయారవుతుంది. ఒక్కొక్క తునకకు దాదాపు 19 చోట్ల ప్రత్యేకమైన చక్కెరలు అతికి ఉంటాయని 2001లో తేలింది.

ఈ చక్కెరను తయారుచేసే జన్యువును తీసివేస్తే ఏమవుతుంది? తోక నున్నగా తయారవుతుందని అనుకుంటాము. కాదు, అసలు తోకే మొలవదు! తునకలు ఒకదానితో ఒకటి కూడవు. తోక లేని క్రిమి ఉన్నచోటనే పడి ఉంటుంది.

కడుపులో పుండ్లకు కారణమైన హెలికోబాక్టర్ పైలోరీ కథ కూడా ఇదే. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో మార్షల్, వారెన్ అనే డాక్టర్లు 1982లో దానిని పెంచి చూపించి, 2005లో నోబెల్ బహుమతి అందుకున్నారు. జీర్ణకోశంలోని ఘాటైన ఆమ్లం నుంచి తప్పించుకుని గోడమీది జిగురు పొరలోకి దూరాలంటే ఆ క్రిమికి ఈత తప్పనిసరి. దాని తోకకు కూడా ఆ జాతి చక్కెరే ఆధారం. చక్కెర లేకపోతే తోక లేదు, తోక లేకపోతే కాపురం లేదు.

ఇక్కడ ఒక మాట. క్రిమి ఈ చక్కెరను మన కాఫీలోనుంచి ఎత్తుకుపోవడం లేదు. తనకు కావలసినది తానే వండుకుంటుంది. కనుక చక్కెర మానివేస్తే క్రిమి తోక ఊడుతుందని ఎవరూ ఆశపడవద్దు!

కాంపైలోబాక్టర్‌కు ఇంకొక విద్య ఉన్నదని 1999లో బయటపడింది. అది 7 చక్కెరలను ముందుగా గొలుసుగా గుచ్చి, ఆ గొలుసును ఒక్క పెట్టున అనేక మాంసకృత్తులకు తగిలిస్తుంది. ఆ ఏడింటిలో అయిదు ఒకే రకానివి. విచిత్రమేమిటంటే, 'ఏ' గ్రూపు రక్తకణం కొసన ఉండే చక్కెర కూడా ఆ రకమే. ఈ గొలుసు వేయలేని క్రిములు మనిషి పేగు కణాలను సరిగా పట్టుకోలేకపోయాయి. కోళ్ళ పేగులలోనూ సరిగా స్థిరపడలేకపోయాయి. పేగులో మాంసకృత్తులను కత్తిరించే జీర్ణరసాలు ఉంటాయి కదా. వాటినుంచి ఈ గొలుసు క్రిమికి కొంత కాపుదల ఇస్తుంది.

2002లో స్విట్జర్లాండులోని జూరిచ్ శాస్త్రజ్ఞులు ఈ విద్యకు సంబంధించిన జన్యువులను తీసి ఈ-కోలై అనే వేరొక బాక్టీరియంలో పెట్టారు. అది కూడా చక్కగా గొలుసులు తగిలించడం మొదలుపెట్టింది! అప్పటినుంచి టీకాలకు కావలసిన చక్కెర అతికిన మాంసకృత్తులను బాక్టీరియా చేతనే తయారుచేయించే మార్గం తెరుచుకున్నది.

టీకాకు చక్కెర ఎందుకు? అనేక రోగక్రిములు ఒంటినిండా చక్కెర కవచం కప్పుకుని ఉంటాయి. ఆ కవచాన్ని మాత్రమే టీకాగా ఇస్తే పెద్దల శరీరం గుర్తుపడుతుంది గాని, రెండేళ్ళలోపు పసివాళ్ళ శరీరం సరిగా గుర్తుపట్టదు. అదే చక్కెరను ఒక మాంసకృత్తుకు అతికి ఇస్తే పసిబిడ్డ శరీరం కూడా మేలుకొని రక్షణ కల్పించుకుంటుంది. ఈ అతుకు మహిమను న్యూయార్కులో ఏవరీ, గోబెల్ 1929లోనే కుందేళ్ళలో చూశారు. పసిపిల్లలకు మెదడువాపు తెచ్చే హిబ్ అనే క్రిమికి ఈ పద్ధతి టీకా అమెరికాలో 1987లో అనుమతి పొందింది.

మన హైదరాబాదుకు కూడా ఇందులో పాలు ఉన్నది. టైఫాయిడు క్రిమి కవచపు చక్కెరను, విషం విరిచిన ధనుర్వాతపు మాంసకృత్తుకు అతికి భారత్ బయోటెక్ సంస్థ అక్కడ ఒక టీకా తయారుచేసింది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి ఆమోదముద్ర వేసింది. వెనుకటి చక్కెర టీకాకు బిడ్డకు రెండేళ్ళు నిండేదాకా ఆగవలసి వచ్చేది. దీనిని ఆరు నెలలకే వేయవచ్చు. టైఫాయిడుతో పసిబిడ్డ మంచాన పడిన ఇంటివారికి ఆ ఏడాదిన్నర విలువ వేరే చెప్పనక్కరలేదు.

క్రిమి చక్కెర అతుక్కుని మన పేగులో కాపురం పెడుతున్నది. మనిషి ఆ విద్యే నేర్చి బిడ్డకు రక్ష కడుతున్నాడు. శాస్త్రజ్ఞులు తమ పని తాము చేస్తారు. పాలు కాచడం, మాంసం బాగా ఉడికించడం, వేళకు బిడ్డకు టీకా వేయించడం, ఈ మూడూ మాత్రం మన చేతిలోని పనులు.