గురుభక్తుల కొండ కింద గుంటలకు గురువేడీ?

2020 డిసెంబరు ఆఖరు. రామతీర్థం బోడికొండ మీద కోదండరాముడి విగ్రహం ధ్వంసమైంది. జిల్లా అంతా గుండెలు బాదుకుంది. ఆ బాధ నిజం, ఆ కోపం న్యాయం. అన్ని రంగుల జెండాలూ కొండెక్కాయి. రోజుల తరబడి టీవీల నిండా రామతీర్థమే. విగ్రహం తల కోసం కొలనులో గాలించారు, దొరికింది. కొత్త విగ్రహాలు చేయించారు. 2022లో కొండ మీద గుడి మళ్లీ లేచింది. మంచిదే.

అవే రోజుల్లో కొండ కింద ఏం జరుగుతోంది? బళ్లకు తాళాలు. కరోనాతో 2020 మార్చిలో మూసిన ప్రాథమిక తరగతులు మళ్లీ తెరిచింది 2021 ఫిబ్రవరి 1న. మూడు నెలలు తిరగకుండానే రెండో దెబ్బ. ఏప్రిల్లో మూసేసి ఆగస్టులో తెరిచారు. ఒకటో తరగతిలో చేరిన గుంట అఆలు దిద్దకుండానే రెండులోకి, అక్కడి నుంచి మూడులోకి దొర్లిపోయింది. రిజిస్టరులో పాసు, పలక మీద సున్న.

పోయిన తలను కొలనులో వెతికాం. పోయిన చదువును ఎక్కడ వెతికాం?

ఇది గుడికీ బడికీ తగువు పెట్టే మాట కాదు. రామతీర్థం అసలు గుడితోపాటు చదువూ ఉన్న నేల. ఇక్కడి గురుభక్తుల కొండ మీద బౌద్ధ విహారాల ఆనవాళ్లున్నాయి. పక్క కొండ మీద జైనుల జాడలున్నాయి. గురువులూ శిష్యులూ కూర్చున్న కొండలివి. కొండ పేరులో గురువున్నాడు. కొండ కింద గుంట పక్కన లేడు.

నమ్మకం లేదా? నెల్లిమర్ల మండలమే కానక్కర్లేదు, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఏ పల్లెకైనా వెళ్లండి. అయిదో తరగతి పిల్లల్ని నలుగురిని పిలిచి రెండో తరగతి వాచకం చేతిలో పెట్టండి. దేశమంతటా ఇలాగే ఇంటింటికీ తిరిగి చూసే అసర్ సర్వే ఏం చెప్పిందో వినండి. పల్లెల్లో మూడో తరగతి పిల్లలు వందమందిలో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 27 మంది. కరోనా తర్వాత 2022లో 20 మంది. 2024కి మళ్లీ 27. కోలుకున్నామని సంబరపడాలా? కోలుకుని చేరింది ఎక్కడికి? నలుగురిలో ముగ్గురు చదవలేని పాత చోటికే!

మన సంగతి ఇంకా తెలిసిందే. 2011 జనాభా లెక్కల్లో విజయనగరం జిల్లా అక్షరాస్యత 59 శాతం దగ్గర ఆగింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రం సగటు 67. ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మిగిలిన ఆనాటి 13 జిల్లాల్లో అన్నిటికన్నా అడుగున ఉన్నది మనమే. గురజాడ పెరిగిన జిల్లా, సంగీత కళాశాల వెలిగిన జిల్లా, మహారాజా వారి కాలేజీ ఉన్న జిల్లా. పేరు పైన, పలక అడుగున.

ఎందుకిలా? బళ్లో మేష్టారి మాట ఒకటే: ‘మొద్దు గుంటడండీ, బుర్రకెక్కదు.’ బుర్ర సంగతి తర్వాత. ముందు వాడి కడుపు సంగతి చూడండి, కాలు సంగతి చూడండి. పంట కోతలవగానే అమ్మానాన్నా మూట కట్టుకుని చెన్నై పోతారు, హైదరాబాదు పోతారు, తీరం వాళ్లయితే గుజరాత్ పడవలెక్కుతారు. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోతే, అందులో ఎన్ని శవాలు మన పల్లెలకొచ్చాయో మరిచిపోయామా? ఆ కూలీల గుంటలు ఉంటే తాత దగ్గరుంటారు, లేకపోతే ఇటుకల పక్కన గోనెసంచి మీదుంటారు. తాతకు అక్షరం రాదు. ఇటుకలకు అసలే రాదు. మూడు నెలలు బడికి దూరమైన గుంటడు తిరిగొచ్చేసరికి క్లాసు ముందుకు పోయింది. వాడి కోసం ఎవరూ వెనక్కి రారు.

రెండో కారణం భాష. బొమ్మ చూపించి ఇదేమిటంటే గుంట ‘ఆనపకాయ’ అంటుంది. పుస్తకంలో ‘సొరకాయ’ అని ఉంటుంది. ‘బొబ్బాసికాయ’ అంటే తప్పు, ‘బొప్పాయి’ అనాలి. ‘నాను ఎల్లిపోతాను’ అంటే క్లాసంతా నవ్వు. సినిమాల్లో మన యాసను జోకరు నోట్లో పెట్టి నవ్వుకున్నవాళ్ల మీద కోపం తెచ్చుకున్నాం కదా, మన బళ్లో మన గుంట నోరు నొక్కేస్తున్నది ఎవరు? పక్కన మన్యంలో ఇంట్లో సవర మాట్లాడే పిల్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆమెకు తెలుగే పరాయి.

దీనికి మందు కనిపెట్టినవాడు మనవాడే. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, విజయనగరంలో గురజాడతో కలిసి చదువుకున్న గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో మేష్టరీ చేస్తూ సవరలు చదువుకోలేరన్న మాటను ఆయన ఒప్పుకోలేదు. సవర పిల్లలను మార్చబోలేదు, తానే సవర భాష నేర్చుకున్నాడు. ఆ భాషలో వాచకాలు రాశాడు. సొంత డబ్బుతో వాళ్లకు బడులు పెట్టాడు. వాడుక భాష కోసం పండితులతో పోరాడింది కూడా ఆ అనుభవంతోనే. ఏటా ఆగస్టు 29న ఆయన బొమ్మకు దండ వేసి తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. దండ చాలు, దారి వద్దు అన్నట్టుంది మన వరస!

గిడుగు చేసిన పని ఇవాళ ఊరు చెయ్యగలదా? చెయ్యగలదనడానికి రుజువులున్నాయి. ముంబయి, వడోదర మురికివాడల్లో 2001 ప్రాంతంలో ప్రథమ్ సంస్థ ఓ పని చేసింది. అదే పేటలో ఉండే, పెద్ద చదువులు లేని ఆడపిల్లలను ‘బాలసఖి’ అని నియమించింది. మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడిన పదిహేను ఇరవై మందిని రోజుకు రెండు గంటలు పక్కకు తీసి, వాళ్లెక్కడ ఆగారో అక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పడమే ఆమె పని. పరీక్ష పెట్టి చూస్తే ఎక్కువ లాభపడింది అట్టడుగున ఉన్నవాళ్లే. దీన్ని లెక్కగట్టినవాళ్లలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు. 2019లో వాళ్లకు నోబెల్ వచ్చింది. మన దగ్గర చూడండి. రంగారెడ్డి జిల్లాలో శాంతాసిన్హా, ఎంవీ ఫౌండేషన్ 1990లలో ఊరి యువకులనే కార్యకర్తలుగా నిలబెట్టి, పనిలో ఉన్న పిల్లలను శిబిరాల్లో చదివించి బళ్లో కూర్చోబెట్టారు. నెల్లూరులో అక్షరజ్యోతి రాత్రి బళ్లలో జీతం లేని కుర్రాళ్లు అమ్మలకు అక్షరం నేర్పితే, ఆ అక్షరమే 1992లో సారా మీద తిరగబడింది.

అయితే గొప్పలు చెప్పుకుని ఊరుకోకూడదు. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో 2005-06లో ఇదే పని ఊళ్లలో చేశారు. ఊరి యువకులు పెట్టిన సాయంత్రం తరగతులకు వచ్చిన పిల్లలు బాగా చదివారు. కానీ వచ్చింది ఎంతమంది? వందలో ఎనిమిది! ఉత్తి మీటింగులు పెట్టి తల్లిదండ్రులకు హక్కులు బోధించిన ఊళ్లలో అయితే ఏ మార్పూ లేదు. పాఠం ఏమిటి? ఉపన్యాసంతో గుంటకు చదువు రాదు. పక్కన కూర్చోవాలి. వాళ్లొస్తారని చూడకూడదు, మనమే గుమ్మంలోకి వెళ్లాలి.

ఇక్కడే ఉద్యోగ మిత్రులకు, డీఎస్సీ కోసం ఏళ్ల తరబడి పుస్తకాలు పట్టుకున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అనుమానం రావాలి. వచ్చితీరాలి. ‘ఊరే చదువు చెప్పుకుంటే సర్కారు టీచరు పోస్టు ఎందుకు నింపుతుంది?’ ఈ భయం ఊరికే పుట్టలేదు. విద్యా వాలంటీర్ల పేరుతో కొద్దిపాటి గౌరవవేతనానికి ఏళ్ల తరబడి వెట్టి చేయించుకున్న రాష్ట్రం మనది. 2005 నుంచి రెండేళ్లపాటు మన రాష్ట్రంలోనే వంద పల్లె బళ్లలో అదనంగా ఒక కాంట్రాక్టు టీచరును పెట్టి చూస్తే పిల్లల చదువు మెరుగుపడింది. ఆ టీచరు జీతం రెగ్యులరు టీచరు జీతంలో అయిదో వంతు కూడా లేదు. ఇందులో ‘అదనంగా’ అన్న మాట పాలకుల చెవికెక్కదు, ‘అయిదో వంతు’ అన్నదే ఎక్కుతుంది! 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ నియామకాలు జరిగింది 2025లోనే. ఆ ఏడేళ్లు ఖాళీ కుర్చీల ముందు కూర్చున్నది ఎవరి గుంటలు?

కాబట్టి గీత గీసుకుందాం. చదువు చెప్పడం సర్కారు పని, టీచరు పని. విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రతి పిల్ల స్థాయిని అంచనా వేసి, అవసరమైతే అదనపు బోధన ఇవ్వడం టీచరు విధి అంటోంది. 27వ సెక్షన్ జనగణన, ఎన్నికలు, విపత్తు సాయం తప్ప వేరే చాకిరీ టీచరుకు అప్పగించొద్దంటోంది. ఇవి అడగాల్సినచోట అడుగుదాం. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగంమంది ఆడవాళ్లుండాలి. సంతకాలు పెట్టే కమిటీ కాదు, నిలదీసే కమిటీ కావాలి. ఊరి తోడు టీచరుకు బదులు కాదు. బడి వదిలాక ఇంట్లో పుస్తకం తెరిచే పెద్దదిక్కు లేని గుంటకు ఆ పెద్దదిక్కు మాత్రమే. మన పిల్లలకు మనం ఇంట్లో చేసేదే, లేని ఇంటికి చేసి పెట్టడం.

ఎలాగంటారా? సాయంత్రం ఆరు నుంచి ఏడు. రామమందిరం అరుగో, కమ్యూనిటీ హాలో. డిగ్రీ చదివే తమ్ముడికో చెల్లికో అయిదుగురు గుంటలు. తరగతిని బట్టి కాదు, చదవగలిగినదాన్ని బట్టి జట్లు: అక్షరం దగ్గర ఆగినవాళ్లు ఒకచోట, మాట దగ్గర ఆగినవాళ్లు ఒకచోట. గుంట నోట వచ్చిన మాటనే పలక మీద రాయండి. ‘ఆనపకాయ’ రాయడం వచ్చినవాడికి ‘సొరకాయ’ ఎంతసేపు? తాతను పిలిచి కథ చెప్పించండి, ఆ కథే రేపటి పాఠం. వలస పోయే కుటుంబం బండెక్కే ముందే గుంటను ఎవరింట ఉంచాలో ఊరు మాట్లాడుకోవాలి. మొద్దు అన్న మాట ఆ అరుగు మీద వినపడకూడదు. నెలకోసారి తల్లి ముందు గుంట చేత చదివించండి. విశాఖలోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేసే అన్నలారా, పండక్కొచ్చినప్పుడు రికార్డింగ్ డాన్సుకు చందా ఇస్తున్నారు. ఈసారి నాలుగు కథల పుస్తకాలు తెచ్చి, ఓ గంట కూర్చుని వెళ్లండి.

మనకు అన్యాయం జరిగిందని అంటున్నాం, నిజమే. నీళ్లు రాలేదు, కొలువులు రాలేదు. కానీ రేపు కొలువు వచ్చిన నాడు ఆ దరఖాస్తు నింపగల గుంట మన ఊళ్లో ఉండాలి కదా! మన పేరున ఉన్న కాగితం చదువుకోలేనివాడికి ఎవడు ఏ రాయితీ ఇస్తే ఏం లాభం? సంతకం వాడిది, లాభం ఇంకొకడిది.

గురుభక్తుల కొండ రామతీర్థంలో వందల ఏళ్లుగా నిలబడే ఉంది. దాని కింద గుంట పలక పట్టుకుని కూర్చుంది. ఇవాళ సాయంత్రం ఆరయ్యింది. మీరెక్కడున్నారు?