దాటిపోతున్న సంపదను గార్లదిన్నె నిలుపుకోవాలి

అనంతపురం నుంచి గుత్తి వైపు జాతీయ రహదారి మీద 20 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా గార్లదిన్నె వస్తుంది. హైదరాబాదు, బెంగళూరుల మధ్య రాత్రింబవళ్లు తిరిగే బస్సులు, లారీలు దీని పక్క నుంచే పోతాయి. గుంతకల్లు నుంచి బెంగళూరు వెళ్లే రైలుమార్గం మీద దీనికొక స్టేషను ఉంది. ఈ మండలంలోనే పెనకచర్ల దగ్గర పెన్నా నది మీద మిడ్ పెన్నార్ జలాశయం ఉంది. రోడ్డు, రైలు, నీరు మూడూ ఇంత దగ్గరగా అమరిన మండల కేంద్రాలు ఈ కరువు సీమలో ఎక్కువ లేవు. అయినా పని కోసం ఇక్కడి కుటుంబాలు బెంగళూరు దారి పడుతూనే ఉన్నాయి. వనరులు లేక పేదరికం వచ్చిందన్న మాట గార్లదిన్నె విషయంలో సగమే నిజం. ఇక్కడికి చాలా వస్తాయి, వచ్చినవి నిలవకుండా దాటిపోతాయి. దీనికి మూలం ఈ ప్రాంత చరిత్రలో, పాలకుల విధానాల్లో ఉంది.

దేశం మరో జనగణనకు వెళ్తోంది. 2021లో జరగాల్సిన లెక్క కొవిడ్ వల్ల ఆగిపోయింది. ఇప్పుడు 2027 మార్చి 1ని మూల తేదీగా నిర్ణయించారు. 2011 తర్వాత పదహారేళ్లకు మన చిన్న ఊళ్ల ముఖచిత్రం మళ్లీ కాగితం మీదికి రానుంది. గార్లదిన్నె లాంటి ఊరిని ఏమని లెక్కించాలి, దానికి ఏం అడగాలి అన్నది తేల్చుకోవాల్సిన సమయం ఇదే.

ఎవరి అవసరానికి ఏది వచ్చింది?

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. అలా వచ్చిన దత్త మండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురంలో మకాం పెట్టి, 1807 దాకా పనిచేశాడు. పొలం పొలానికీ శిస్తు కట్టే రైత్వారీ పద్ధతి ఇక్కడ పాదుకున్నది ఆయన హయాంలోనే. నికరంగా వాన పడని నేల మీద నికరమైన శిస్తు పడింది. పంట పోయిన ఏడు శిస్తు మాఫీ (రెమిషన్) కోసం రైతు అధికారి దయ మీద ఆధారపడాల్సి వచ్చింది. 1876-78 నాటి మహా కరువులో బళ్లారి జిల్లా ఘోరంగా దెబ్బతింది. అనంతపురం అప్పటికి అందులోనే భాగం. ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది 1882లో.

ఆ కరువు మీద వేసిన కమిషను 1880లో ఇచ్చిన నివేదికలో, తిండిగింజలు త్వరగా చేరవేయడానికి రైలుమార్గాలు వేయాలని చెప్పింది. మద్రాసు-బొంబాయి మార్గం 1871 నాటికే గుంతకల్లు మీదుగా పూర్తయింది. గుంతకల్లు నుంచి బెంగళూరు వైపు మీటర్ గేజి లైను ఆ శతాబ్దం చివరి దశాబ్దంలో వచ్చింది. అప్పటి నుంచి కరువు ఏళ్లలో గింజలు వచ్చే దారి ఏర్పడింది. అదే దారిలో ఇక్కడి పంట దూరపు మిల్లులకు, రేవులకు తరలడమూ సులువైంది. ఆకలి మరణాలను ఆపడానికి రైలు తోడ్పడి ఉండవచ్చు. ఊరి సంపదను ఊళ్లో పెంచే పని మాత్రం దాని లెక్కలో లేదు.

స్థానికుల కోసమే వచ్చిన మార్పు 1985లో జరిగింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తాలూకాలను, సమితులను తీసేసి మండలాలను ఏర్పాటు చేసింది. భూమి కాగితం కోసం, కులధ్రువీకరణ పత్రం కోసం తాలూకా కేంద్రానికి పోయి రోజంతా పడిగాపులు పడిన పల్లెల వారికి కచేరీ దగ్గరయింది. కార్యాలయాలు ఉన్న చోట జనం కలుస్తారు. వారి చుట్టూ హోటళ్లు, ఎరువుల అంగళ్లు, మెడికల్ షాపులు, జిరాక్సు కేంద్రాలు లేస్తాయి. ఈ రోజు మనం చూస్తున్న మండల కేంద్రాల రూపం ఆ పాలనా నిర్ణయం ఇచ్చిందే. నిర్ణయాధికారం దగ్గరికి వస్తే ఊరు పెరుగుతుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఈ మండలం దేశానికి పెద్ద నాయకుణ్నే ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, తర్వాత 1977 నుంచి 1982 వరకు రాష్ట్రపతిగా ఉన్న నీలం సంజీవరెడ్డి 1913లో పుట్టింది ఇక్కడి ఇల్లూరులోనే. పక్కనున్న శింగనమల మండలంలోని తరిమెల నుంచి కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి వచ్చారు. 1952 ఎన్నికల్లో సంజీవరెడ్డిని ఓడించింది స్వయానా బావమరిది అయిన ఆయనే. రాజకీయ చైతన్యానికి ఈ నేల మీద లోటు ఎన్నడూ లేదు. ఆ చైతన్యానికి తగ్గ ఆర్థిక పునాది పడకపోవడమే లోటు.

నీరు ఉన్న చోటే నీటి కోసం ఎదురుచూపు

అనంతపురం జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం 552 మిల్లీమీటర్లు. పడమటి కనుమల నీడలో ఉండటంతో నైరుతి రుతుపవనం ఇక్కడికి వచ్చేసరికి బలం కోల్పోతుంది. బంగాళాఖాతానికి దూరం కావడంతో ఈశాన్య రుతుపవనమూ అంతంతమాత్రమే. కాబట్టి ఈ సీమ ఆశలన్నీ తుంగభద్ర మీదే పెట్టుకుంది. తుంగభద్ర ఎగువ కాలువ కర్ణాటకలో వంద కిలోమీటర్లకు పైగా ప్రవహించి అనంతపురం జిల్లాలోకి వస్తుంది. ఆ కాలువ మొదటి దశలో కట్టిందే సుమారు 5 టీఎంసీల మిడ్ పెన్నార్ జలాశయం. ఇక్కడి నుంచి దక్షిణ కాలువ నార్పల వైపు సాగి చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు దాకా నీరు తీసుకుపోతుంది.

ఎగువ కాలువకు ఆంధ్రప్రదేశ్ వాటాగా బచావత్ ట్రిబ్యునల్ కేటాయించింది 32.5 టీఎంసీలు. చాలా ఏళ్లలో అది పూర్తిగా అందలేదు. తుంగభద్ర డ్యాం కట్టినప్పుడు సామర్థ్యం 133 టీఎంసీలు. పూడిక చేరి అది 105 టీఎంసీల స్థాయికి పడిపోయింది. డ్యాంలో తగ్గిన ప్రతి టీఎంసీ దామాషా ప్రకారం మన కాలువలోనూ తగ్గుతుంది. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఈ ఆధారం ఎంత బలహీనమో అందరికీ తెలిసింది. వంద కిలోమీటర్లకు పైగా అవతల ఒక గొలుసు తెగితే ఇక్కడి ఆయకట్టు రైతుకు కంటి మీద కునుకు ఉండదు.

తాగునీటికి, దిగువ ప్రాంతాలకు నీరు వదలడాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. కరువు తెలిసిన రైతు పొరుగువాడి గొంతు ఎండాలని కోరుకోడు. కానీ జలాశయానికి ఆనుకుని ఉన్న పొలాలకు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్ని తడులకు నీరిస్తారో నారు పోసే ముందే చెప్పాలి. అది తెలియక వరి వేసి, పొట్ట దశలో నీరు ఆగితే నష్టపోయేది రైతు ఒక్కడే.

శెనక్కాయ నుంచి చీనీ దాకా

ఎర్ర నేల, తక్కువ వాన, సులువైన అమ్మకం ఈ మూడూ కలిసి ఇరవయ్యో శతాబ్దంలో అనంతపురాన్ని శెనక్కాయ జిల్లా చేశాయి. కొర్ర, సజ్జ, జొన్న, ఆరికె వెనకబడ్డాయి. తిండిగింజలు కొనుక్కునే పరిస్థితికి రైతు ఇల్లు చేరింది. ఒకే పంట మీద బతికే ప్రాంతానికి ఒకే దెబ్బ చాలు. 2000లో శెనక్కాయకు కాండం కుళ్లు వైరస్ తెగులు సోకి జిల్లాలో సుమారు రెండుంపావు లక్షల హెక్టార్లు దెబ్బతిన్నాయి. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. గట్ల మీద, బీళ్లలో పెరిగే వయ్యారిభామ పుప్పొడితో పాటు తామర పురుగులు ఆ వైరస్‌ను మోసుకొచ్చాయని శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ తర్వాతి సంవత్సరాల వరుస కరువులు, అప్పులు, రైతుల ఆత్మహత్యలు ఈ జిల్లాను దేశమంతటికీ విషాద వార్తగా చేశాయి. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించింది ఈ జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలోనే.

ఈ దెబ్బల మధ్యే రైతు తనకు తానుగా దారి మార్చుకున్నాడు. బోరు, డ్రిప్పు, చీనీ (బత్తాయి) చెట్టు కొత్త వ్యవసాయానికి ఆధారమయ్యాయి. 2003లో మొదలైన సూక్ష్మ సేద్య పథకం, 2004 నుంచి ఉచిత విద్యుత్తు దీనికి తోడయ్యాయి. చీనీతో పాటు అరటి, దానిమ్మ, బొప్పాయి తోటలు ఎర్ర నేలల రంగు మార్చాయి. కరువు జిల్లా పండ్ల జిల్లాగా మారడం గొప్ప విజయం. ఆ ఘనత రైతుదే.

అయితే ఈ విజయంలోనూ పాత లోపం దాగి ఉంది. చీనీ మొక్క కాపుకొచ్చేదాకా ఐదారేళ్లు పెట్టుబడి పెట్టాలి. నడుమ ఒక్క వేసవి బోరు ఎండితే ట్యాంకర్లతో నీళ్లు పోసి చెట్లను బతికించుకోవాలి, లేదంటే గొడ్డలి పెట్టాలి. ఇంత కష్టపడి పండించిన కాయను రైతు టన్నుల లెక్కన అమ్ముతాడు. తూకంలో ‘సూటు’ పేరుతో టన్నుకు ఇంత అని కోత పడుతుంది. సైజు వేరు చేయడం, తుడిచి మెరుగు పెట్టడం, పెట్టెల్లో సర్దడం, ధర వచ్చేదాకా నిల్వ చేయడం అనే పనులన్నీ దూరపు మార్కెట్లలో జరుగుతాయి. కూలి డబ్బు మాత్రమే ఇక్కడ మిగిలి, విలువ పెంచే పనులు వేరే ఊళ్లకు పోతున్నాయి.

జ్యూసు ఫ్యాక్టరీ పెడితే అన్నీ తీరుతాయని ఎన్నికలప్పుడు వినిపించే హామీని కూడా జాగ్రత్తగా చూడాలి. చీనీ రసాన్ని నిల్వ ఉంచితే చేదెక్కే గుణం ఉంది. దానికి వేరే సాంకేతికత, పెద్ద పెట్టుబడి కావాలి. అంతకంటే ముందు చేయగలిగినది గ్రేడింగు కేంద్రం, ప్యాకింగు షెడ్డు, శీతల గిడ్డంగి. జాతీయ రహదారి, రైల్వే స్టేషను రెండూ ఉన్న గార్లదిన్నె ఆ పనికి అనువైన చోటు. పెద్ద పరిశ్రమలు హిందూపురం, పెనుకొండ వైపు బెంగళూరుకు దగ్గరగా వెళ్లాయి. పెనుకొండ దగ్గరి కియా కర్మాగారంలో 2019లో ఉత్పత్తి మొదలైంది. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండయ్యాక ఆ ప్రాంతమంతా శ్రీ సత్యసాయి జిల్లాకు పోయింది. ఉత్తర అనంతపురానికి మిగిలిన బలం పండ్ల తోటలు. ఆ బలం మీదే ఇక్కడి ఉపాధిని కట్టాలి.

లెక్కకు అందని జనం

2011 జనగణన నాటికి ఉమ్మడి అనంతపురం జిల్లా జనాభా 40,81,148. అక్షరాస్యత 63.57 శాతం. చదరపు కిలోమీటరుకు 213 మంది. ఈ అంకెల వెనక కనిపించని సంగతి ఒకటుంది. ఆ ఏడు లెక్క తీసింది ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. శెనక్కాయ పీకడం, కొట్టడం అయిపోయాక పొలంలో పని ఉండదు. కూలి కుటుంబాలు ఇంటికి తాళం వేసి ముసలివాళ్లను ఊళ్లో వదిలి వలస పోయే కాలం సరిగ్గా అదే. ఆ సమయమంతా ఊళ్లో లేని మనిషి ఊరి లెక్కలోకి రాడు. బెంగళూరులో కట్టడం పని జరిగే చోట రేకుల షెడ్డులో అతణ్ని ఎవరైనా లెక్కించారో లేదో చెప్పలేం. 2027లోనూ లెక్క ఫిబ్రవరిలోనే జరగనుంది. జనాభాను బట్టి నిధులు, రేషను, బడులు, ఆసుపత్రి సిబ్బంది సంఖ్య నిర్ణయమవుతాయి కాబట్టి ఈ లోపానికి మూల్యం చెల్లించేది వలస పోయే పేదలే. గార్లదిన్నె ఉన్న, ఎస్సీలకు రిజర్వు అయిన శింగనమల నియోజకవర్గంలో ఈ నష్టం ఎక్కువగా ఎవరి మీద పడుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

మరో మార్పు నెమ్మదిగా ముంచుకొస్తోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలే. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 ఉండాలి. ఇద్దరికి మించి పిల్లలున్న వారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను 2024లో శాసనసభ తొలగించింది కూడా ఈ ఆందోళనతోనే. ఇంటికో ఇద్దరు పిల్లలు, వారూ చదువుకుని నగరానికి పోతే మండల కేంద్రాలు త్వరలోనే వృద్ధుల ఊళ్లవుతాయి. యువతను ఊళ్లో ఉండమని బతిమాలి లాభం లేదు. ఉండటానికి తగిన పని చూపించాలి.

జనగణనలో పంచాయతీగా ఉన్న ఊరిని పట్టణంగా గుర్తించాలంటే జనాభా కనీసం 5 వేలు, సాంద్రత చదరపు కిలోమీటరుకు కనీసం 400 ఉండాలి, ప్రధానంగా పనిచేసే మగవారిలో కనీసం 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. చుట్టూ తోటలున్న మండల కేంద్రానికి ఈ మూడో షరతు గట్టి అడ్డంకి. అందుకే ఇలాంటి ఊళ్లు చుట్టుపక్కల పల్లెలన్నింటికీ పట్టణంలా ఉపయోగపడుతూ కాగితం మీద పల్లెలుగానే ఉండిపోతాయి. మురుగు కాలువ, చెత్త సేకరణ, బస్సు షెల్టరు, మరుగుదొడ్లు వేల మందికి కావాలి. ఖర్చు పెట్టాల్సింది మాత్రం ఒక్క ఊరి పంచాయతీ.

చేయాల్సిన పనులు

మొదటిది, మిడ్ పెన్నార్ నీటి విడుదల తేదీలను పంట కాలానికి ముందే ప్రకటించి, కాలువ చివరి పొలం దాకా అమలు చేయాలి. ఎగువ కాలువ ఆధునికీకరణ పూర్తి చేయాలి. తుంగభద్రలో పూడికకు బదులుగా నీరు నిల్వ చేసే మార్గాన్ని కర్ణాటకతో కలిసి తేల్చుకోవాలి.

రెండోది, గార్లదిన్నెలో రైతు ఉత్పత్తిదారుల సంఘాల చేతిలో నడిచే పండ్ల గ్రేడింగు, నిల్వ కేంద్రం పెట్టాలి. సూటు పేరిట జరిగే కోతను మార్కెట్ శాఖ నిలిపివేయాలి.

మూడోది, జనగణనకు ముందే గ్రామ సచివాలయాలు వలస కుటుంబాల జాబితా రాయాలి. 2019 అక్టోబరు 2 నుంచి పనిచేస్తున్న ఆ వ్యవస్థకు ఇది మించిన పని కాదు. ఎక్కడున్నా వారు లెక్కలో ఉండేలా చూడాలి.

నాలుగోది, మండల కేంద్రాలకు వాటి మీద ఆధారపడే పల్లెల జనాభాను కూడా కలుపుకుని ప్రత్యేక గ్రాంటు ఇవ్వాలి, ప్రతి మండల కేంద్రానికి మాస్టర్ ప్లాన్ ఉండాలి.

వీటిలో ఏదీ రాష్ట్ర ఖజానాకు మోయలేని భారం కాదు. దేశానికి రాష్ట్రపతిని ఇచ్చిన మండలం, కరువును ఓర్చి తోటలు పెంచిన రైతులు అడుగుతున్నది దానం కాదు. తమ నీటిలో, తమ పంట విలువలో న్యాయమైన వాటా అడుగుతున్నారు. శింగనమల ప్రజాప్రతినిధులు ఏ పార్టీ వారైనా ఈ నాలుగు పనులకు గడువు పెట్టి ప్రజల ముందు ఉంచాలి. వచ్చే స్థానిక ఎన్నికల్లో ఓటు అడగడానికి వచ్చేవారిని గార్లదిన్నె ప్రజలు మొదట అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే.