బెంజ్ సర్కిల్ నుంచి నాలుగు దారుల ముచ్చట్లు

ఏ ఊళ్లో ఏ సంగతి 'ట్రెండింగు'లో ఉంటే ఆ ఊరి జనానికి అదే ముఖ్యమని మనవాళ్లు కాంటీన్లో వాదిస్తూంటారు. నేనొప్పుకోను.

మన బెంజ్ సర్కిల్ దగ్గర రెండు జాతీయ రహదారులు కలుస్తాయి. 16వ నంబరు దారి కలకత్తాకూ మద్రాసుకూ పోతుంది, 65వ నంబరు దారి హైదరాబాదుకూ బందరుకూ పోతుంది. 2024 సెప్టెంబరు మొదటి వారంలో ఈ దారుల వెంట ఏం మాట్లాడుకున్నారో చూడండి. కలకత్తాలో ఆగస్టు 9న ఆర్.జి.కర్ వైద్యకళాశాలలో జరిగిన వైద్యురాలి హత్య మీద ఆందోళన. మద్రాసులో 5న విడుదలైన విజయ్ సినిమా 'గోట్'. హైదరాబాదులో హైడ్రా, ఆగస్టు 24న ఎన్-కన్వెన్షన్ కూల్చింది మొదలు ఎవరి ఇల్లు ఏ చెరువులో ఉందన్న లెక్కలు.

మరి మనం? సెప్టెంబరు 1న బుడమేరు సింగ్ నగర్‌ను ముంచేసింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అయినా పూర్వపు ట్విట్టరు, నేటి ఎక్స్‌లో మనవాళ్లు తెగ కొట్టుకున్నది అమరావతి మునిగిందా లేదా అని, బ్యారేజీని గుద్దిన పడవలు ఏ పార్టీవాళ్లవి అని!

మునిగిన వీధులకు కరెంటు లేదు. ఛార్జింగ్ లేని ఫోనుకు ట్రెండింగ్ ఎక్కడిదండీ? కాస్త ఛార్జింగ్ మిగిలినవాళ్లు ఫలానా వీధి, మేడ మీద ఇంతమందిమి, పసిపిల్లకు పాలు లేవు అని వాట్సాప్‌లో పెట్టారు. వాట్సాప్ కబుర్లను ఏ ట్రెండింగ్ జాబితా లెక్కపెట్టదు. ఎక్స్ జాబితా అయినా హఠాత్తుగా ఎగసిన మాటకే పెద్దపీట వేస్తుంది. రోజుల తరబడి కదలని నీళ్లు దానికి పాత కబురు.

అసలు విచిత్రం మరొకటుంది. హైదరాబాదు గొడవ, మన గొడవ ఒకే కుదురువి. అక్కడ చెరువు కడుపులో కట్టడాలు, ఇక్కడ బుడమేరు దారిలో కట్టడాలు. గట్టుకు మూడు గండ్లు పడ్డమాట నిజమే, వాటిని 7వ తేదీకి, అంటే వినాయక చవితి నాటికి పూడ్చారు. కాని ఏరు పారవలసిన చోట ఇళ్లు లేచాయన్నది 2005 వరదలోనే చూశాం కదా! జాబితాలో మాత్రం అక్కడ 'హైడ్రా', ఇక్కడ 'వరద'. పేర్లు వేరయ్యేసరికి రెండు ప్రాంతాలవాళ్లూ ఒకరి బాధ ఒకరికి పట్టనట్టే ఉండిపోయాం. ఆ వారం ఒక్క మాట మీద నిలబడి అడిగివుంటే రెండు ప్రభుత్వాలూ జవాబు చెప్పుకోవలసి వచ్చేది.

మన యూనియన్‌ను నేనడిగేది ఒకటే. ఫ్రెషర్స్ డే రీళ్లకు పడే శ్రమలో సగం పెట్టి, వానలు రాకముందే సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీల నుంచి వచ్చే మన విద్యార్థుల చేత వీధివారీ పట్టిక రాయించండి. ఏ ఇంటికి మేడ ఉంది, ఎక్కడ మంచం పట్టిన పెద్దవాళ్లున్నారు, ఎక్కడ బాలింతలున్నారు, పడవ ఏ సందు దాకా వెళ్తుంది. ఒక ప్రతి యూనియన్ గదిలో ఉంచి, ఇంకొకటి కార్పొరేషన్ వాళ్లకు ఇవ్వండి. సెల్లులో వద్దు, కాగితం మీదే రాయించండి.