కుక్కబొమ్మ కాదు, మోటారు చూడండి!

బందరు చిలకలపూడి రోల్డుగోల్డు నగలకు పెట్టింది పేరు. రోల్డుగోల్డు అని చెప్పి అమ్మినంత కాలం అందులో మోసమేమీ లేదు. మేలిమి బంగారమని అంటగడితేనే చిక్కు! పాత గ్రామఫోనుల సంగతీ అంతే.

పాతసామాన్ల బజార్లలో మెరిసే ఇత్తడి బూరా, దాని కింద కుక్కబొమ్మ అంటించిన చెక్కపెట్టె చూసే ఉంటారు. అలాంటివి చాలావరకు కొత్తగా కట్టినవే. ఏ పోర్టబుల్ పెట్టెలోనిదో మోటారు ఊడదీసి అందులో బిగిస్తారు. అసలైన పాత పెట్టె మాత్రం బూరా లేదనే కారణంచేత తూకానికి పోతుంది! హెచ్.ఎం.వి. వారు 1931లో తెచ్చిన 102 నంబరు పోర్టబుల్‌కు బూరా పైకి కనిపించదు. పెట్టె లోపలే ఉంటుంది. కనుక హంసలదీవి మొదలు గుడివాడ దాకా ఎవరి అటకమీద తాతగారి పెట్టె ఉన్నా, అమ్మే ముందు దాని లోపల ఒకసారి చూడండి.

ముందుగా కీ అంతా దిగిపోనివ్వాలి. బిగిసి ఉన్న స్ప్రింగు తప్పించుకున్నదంటే చేతికి గాయం తప్పదు. స్ప్రింగు ఉండే డ్రమ్మును ఇంట్లో విప్పనే కూడదు. తరువాత పళ్లెం తీసి, మోటారు బిగించిన పలకను ఎత్తండి.

మొదట పెట్టెను పరీక్షించాలి. పనిలేని పాత స్క్రూ రంధ్రాలున్నా, కీ తిప్పే హాండిలు దూరే రంధ్రాన్ని తొలిచి పెద్దది చేసినట్లున్నా, మోటారు మారిందని అనుమానించవచ్చు.

తరువాత స్క్రూలు. ఆనాటి స్క్రూ తలమీద ఒకే గాడి ఉంటుంది. కూడిక గుర్తు కనబడితే అక్కడ తరువాతివారి చెయ్యి పడిందన్నమాట.

ముఖ్యమైనది గవర్నరు. మూడు సన్నని ఉక్కు రేకులు, వాటికి మూడు గుండ్లు. వేగం హెచ్చితే గుండ్లు వెలుపలికి విచ్చుకుని ఒక బిళ్లను లాగుతవి; ఆ బిళ్ల తోలుముక్కకు ఒరుసుకుని వేగం తగ్గుతుంది. రేకులు మూడూ ఒకే మందం, గుండ్లు మూడూ ఒకే తీరు ఉండాలి. ఒకటి వేరుగా ఉంటే అది మార్చినదే.

పెట్టెమీద ఒక పేరు, మోటారుమీద మరొక పేరు ఉన్నంతమాత్రాన నకిలీ అనరాదు. ఇంగ్లండు గరార్డ్, స్విట్జర్లండు థోరెన్స్ కంపెనీల మోటార్లను ఎందరో తయారీదారులు కొని బిగించేవారు.

తుప్పు పట్టిందని కూడా తోసివేయకండి. మన తీరంలో ఉప్పుగాలికి ఇనుము నిలవదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో ఊళ్లనే తుడిచిపెట్టింది. ఆ ఉప్పునీట నాని బతికిన యంత్రానికి రెండు మూడు భాగాలు మార్చి ఉంటే వింతేమున్నది? మరమ్మతు వేరు, మాయ వేరు. మార్చిన భాగమేదో కాగితంమీద రాసి, తీసిన పాత ముక్కను మూటగట్టి పెట్టెలోనే ఉంచండి. రేపు మీ పిల్లలకు అదే సాక్ష్యం.

చివరి పరీక్ష చెవికి. రికార్డు అంచు కింద కాగితం ముక్క దూర్చి, గడియారం చూస్తూ లెక్కపెట్టండి. నిమిషానికి 78 చుట్లు తిరగాలి. ఆపైన గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వారి పాత రికార్డొకటి, కొత్త ముల్లు పెట్టి వేయండి. మనమెరిగిన గొంతు గనుక, గవర్నరు ఏమాత్రం తడబడినా చెవి ఇట్టే పట్టేస్తుంది!