బెల్లా చదువు ఏమైంది?

మా అమ్మాయి దిండు కింద లావుపాటి పుస్తకమొకటి దొరికింది. ‘ట్విలైట్’. రక్తం తాగేవాళ్ల కథట! పరీక్షల ముందు ఇదేం చదువని కోప్పడబోయి, ఎందుకైనా మంచిదని ముందు నేనే చదివాను. ఒకటి చదివాక మిగతా మూడు భాగాలూ వదలబుద్ధి కాలేదు.

స్టెఫెనీ మేయర్ నవల ఇది. 2005లో వచ్చింది. ఆమె కూడా మనలాంటి ఇల్లాలే, ముగ్గురు మగపిల్లల తల్లి. కథ అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలో, ఎప్పుడూ వాన కురిసే ఫోర్క్స్ అనే చిన్న ఊళ్లో జరుగుతుంది. 357 మంది ఉన్న హైస్కూల్లో 358వ విద్యార్థిగా చేరుతుంది పదిహేడేళ్ల బెల్లా. బయాలజీ క్లాసులో ఆమె పక్క సీటు ఎడ్వర్డ్‌ది. ఉల్లి వేరు స్లైడ్లు మైక్రోస్కోపు కింద పెట్టి కణవిభజన దశలు గుర్తించమంటే ఇద్దరూ ఇట్టే చెప్పేస్తారు. బెల్లా ఆ పాఠం ఇదివరకే చదివింది. ఎడ్వర్డ్ సంగతి వేరు. 1918లో ఫ్లూ జ్వరంతో చావబోతూ రక్తపిశాచిగా మారినవాడు. వయసు పదిహేడు దగ్గరే ఆగిపోయింది. అందుకే ఊరు మారినప్పుడల్లా మళ్లీ హైస్కూలే!

బెల్లా తెలివైన పిల్ల. షేక్‌స్పియర్ ‘మాక్బెత్’లో ఆడవాళ్లను చిన్నచూపు చూశాడా అని వ్యాసం రాసే పిల్ల. అలాంటిది, మూడో భాగం ‘ఎక్లిప్స్’కి వచ్చేసరికి ఎడ్వర్డే డార్ట్‌మత్ కాలేజీ దరఖాస్తు తెచ్చి చదువుకోమని బతిమాలుతాడు. ఆమెకి పట్టదు. తన వయసు ఇంకా పెరగకముందే తనూ అతనిలా మారిపోవాలన్నదే ఆమె ఆరాటం. స్కూలు ముగిసిన వేసవిలోనే, పద్దెనిమిదేళ్లకే పెళ్లి. కాలేజీ మెట్టు ఎక్కనేలేదు.

మన ఇళ్లలో అయితే “మంచి సంబంధం, చదువు తర్వాత చూసుకోవచ్చులే” అని పెద్దవాళ్లు మాన్పిస్తారు. బెల్లాని ఎవరూ మాన్పించలేదు. నన్ను కలవరపెట్టింది అదే. బలవంతం చేస్తే ఎదిరించవచ్చు. నవ్వుతూ తనంతట తనే వదులుకునే పిల్లకి ఏం చెప్తాం? చావులేని బెల్లాకి చదువుకోవడానికి ఇంకా ఎన్ని వందల ఏళ్లయినా ఉన్నాయి. మన పిల్లలకు లేవుగా!

పుస్తకం తిరిగిచ్చేస్తూ మా అమ్మాయిని అడిగాను, “బెల్లా చదువు ఏమైందే?” అని.

అది కాసేపు ఆలోచించి, “మరి నీ ఎం.ఏ. ఏమైందమ్మా?” అంది.

డిగ్రీ అయ్యాక, పెళ్లయ్యాక చదువుదామనుకున్న ఎం.ఏ. అది. ఎవరూ వద్దనలేదు. నేనే ‘తర్వాత’ అనుకున్నాను. ఆ మాటే దానికి చెప్పాను, దాచకుండా.

పిల్లల చేతుల్లోంచి ఇలాంటి పుస్తకాలు లాక్కోకండి. మీరూ చదవండి, చదివి ప్రశ్నలు వేయండి. వాళ్లు తిరిగి అడిగితే మాత్రం నిజమే చెప్పండి. పాఠ్యపుస్తకంలో లేని పాఠం అది.