గొంతు ఎవరిదో వారే చెప్పవలెను



గడచిన కార్తీకమున మా తిరుచానూరిలో పంచమీతీర్థము నాఁడు, పద్మసరోవరమునొద్ద జనసమ్మర్దములో మావారు మమ్ము మూఁడు పర్యాయములు పిలిచిరట. మాకు వినఁబడలేదు. తుదకు జనమును త్రోచికొని వచ్చి భుజము తట్టిరి. పదునాలుగేండ్లుగా బడిలో పాఠములు చెప్పిన గొంతది. సుద్దపొడి వలన బొంగురుపోయినదని తలఁచి మేము మిరియాల కషాయముతో సరిపెట్టుచుంటిమి.

తిరుపతిలో వైద్యునికి చూపితిమి. ఆయన గొట్టముతో లోనికి చూచి, అఱచేత కాయలు కాచినట్లు స్వరతంత్రులపై కాచినవనియు, బిగ్గఱగా చిరకాలము మాటలాడు ఉపాధ్యాయులకును గాయకులకును నిది తఱచనియు చెప్పెను. పిదప నొక ప్రశ్నపత్రము నిచ్చెను. కన్నులార చూచిన తరువాత ప్రశ్న లేలనో మాకు బోధపడలేదు.

ఆ పత్రము పేరు 'వాయిస్ హ్యాండిక్యాప్ ఇండెక్స్'. 1997లో అమెరికాలో వెలువడినది. ప్రశ్నలు 30. పది గొంతులోని బాధను గూర్చి, పది నిత్యవ్యవహారమును గూర్చి, పది మనస్సును గూర్చి. 'ఎన్నఁడును లేదు' అనిన సున్న, 'ఎల్లప్పుడును' అనిన నాలుగు. మొత్తము 120కి లెక్క. అంకె పెరిగినకొలఁది బాధ యెక్కువ. 2004లో దీనినే 10 ప్రశ్నలకు కుదించిరి. 2013లో మఱియొక పది ప్రశ్నల పత్రము వచ్చినది. అది గొంతుజబ్బువారికే గాక, పార్కిన్సను వంటి వ్యాధులచే మాట తడఁబడువారికిని పనికివచ్చును. దానిలో మాత్రము అంకె పెరిగినకొలఁది మేలు. రెంటిని కలిపి చూచుకొని బెంగపడరాదు.

ప్రశ్నల క్రింద తెనుఁగు అర్థము చేతితో వ్రాసియుండెను. మావారు అలవాటుచొప్పున కాగితము మా చేతఁ బెట్టిరి. ఇంటిలెక్కలన్నియు మేమే వ్రాయుదుము గదా! సగము నింపునప్పటికి పరిచారిక చూచి, "గొంతు ఎవరిదమ్మా? వారే వ్రాయవలెను" అని వేఱొక కాగిత మిచ్చినది.

ఇంటికి వచ్చి రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టితిమి. గొంతు ఎండుటకు మేము నాలుగు వేయఁగా వారు ఒకటి వేసిరి. సిగ్గుపడి నలుగురిలో మాటాడుట మానుటకు మేము సున్న వేసితిమి. వారు మూఁడు వేసిరి. సాయంకాలము అరుగుమీఁద భాగవతము చదువుట వారు మానినది కన్నులనొప్పి చేతననియే మే మనుకొంటిమి. బడిపిల్లలు ఆ బొంగురుగొంతును అనుకరించుటచేత మానిరఁట. పదునాలుగేండ్ల కాపురములో ఇది మాకు తెలియదు! గొట్టమునకును తెలియదు. అదే కాయ, చిల్లర దుకాణములో పద్దులు వ్రాయువానికి ఒక యెత్తు, ఉపాధ్యాయునకు మఱియొక యెత్తు.

అక్షరములు రాని అత్తగారికైనచో ప్రశ్న చదివి వినిపింపవచ్చును. జవాబు మాత్రము అందింపరాదు. కోడండ్రకు ఇది కొంచెము కష్టమే.

శిక్షణ యారువారములు జరిగినది. నీరు తఱచుగా త్రాగుట, అఱవకుండుట, గుసగుసలాడకుండుట, ఊపిరిసాధన. మొన్న మరల పత్రము వ్రాసిరి. మొత్తము తగ్గినది గాని, సిగ్గును గూర్చిన ప్రశ్నయొద్ద మూఁడు మూఁడుగానే యున్నది. భాగవతము ఇంకను బీరువాలోనే.